రేంజ్‌లో పులి, కోర్సులో పిల్లి

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయనకు 47 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మంచి హోదాలో ఉన్నారు. గుంటూరులో చదువుకునే రోజుల్లో కాలేజీ టీముకు ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. మూడేళ్ల కిందట పైఅధికారి ప్రోద్బలంతో గోల్ఫ్ మొదలుపెట్టారు. వారానికి మూడు సాయంత్రాలు ఇంటి దగ్గరి డ్రైవింగ్ రేంజ్‌కు, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోటికి వెళ్లి బకెట్టెడు బంతులు కొట్టి వస్తారు. అక్కడ మ్యాట్ మీద సెవెన్ ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే ఇనుప క్లబ్) కొడితే బంతి 140 గజాలు నిక్కచ్చిగా పోతుంది. పక్కన ఆడేవాళ్లు ఆగి చూస్తారట.

ఆదివారం అసలు ఆట ఆడే గోల్ఫ్ కోర్సులో అడుగుపెడితే కథ మారిపోతుంది. మొదటి హోల్‌లోనే క్లబ్ బంతి వెనక నేలలో దిగబడి, బంతి పది గజాలు దొర్లి ఆగిపోతుంది. ‘ఈసారి నేల తగలకూడదు’ అనుకుని కొడితే బంతి నెత్తిన తగిలి, గడ్డిలో పాములా పాకుతూ పోతుంది. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్, డ్రైవర్ తీస్తే బంతి కుడివైపు వంగి రాళ్ల గుట్టల్లోకి పోతుంది. క్లబ్‌ల సంచి మోసే క్యాడీ ‘తల ఎత్తేస్తున్నారు సార్’ అంటాడు. స్నేహితుడు ‘ఎడమ మోచెయ్యి వంచుతున్నావు’ అంటాడు. యూట్యూబ్‌లో ఒకాయన నడుం తిప్పమంటాడు, ఇంకొకాయన నడుం కదపొద్దంటాడు. ఒక కోచ్ దగ్గర రెండు క్లాసులు తీసుకుంటే, ఆయన గ్రిప్ మొత్తం మార్చేసరికి ఉన్న దెబ్బ కూడా పోయింది. ఈ బాధలో ఈఎంఐ మీద కొత్త డ్రైవర్ కొన్నారు. అది కూడా బంతిని అదే గుట్టల్లోకి, ఇంకో ఇరవై గజాలు లోపలికి పంపుతోంది.

రెండు నెలల కిందట కంపెనీ క్లయింట్ల కోసం పెట్టిన టోర్నమెంట్‌లో, నాలుగో హోల్ దగ్గర ఈయన కొట్టిన బంతి క్లబ్ మెడకు తగిలి దాదాపు అడ్డంగా కుడివైపుకు దూసుకెళ్లింది. అక్కడ నిలబడ్డ ఒక క్యాడీ పిక్కకు తగిలింది. పెద్ద దెబ్బేమీ కాదు, వాపు రెండు రోజుల్లో తగ్గింది. ఈయన మందులకు డబ్బులిచ్చి క్షమాపణ చెప్పారు. కానీ ఆ రోజు నుంచి కోర్సు మొహం చూడలేదు. ఆఫీసులో నడుం నొప్పి అని చెప్పారు. ఈ మధ్య రేంజ్‌కు కూతుర్ని తీసుకెళ్తే, 13 ఏళ్ల ఆ పిల్ల ఈయన క్లబ్ తీసుకుని నాలుగు కొడితే మూడు శుభ్రంగా పోయాయి. ‘ఏం చేస్తున్నావమ్మా?’ అంటే, ‘ఏమీ చెయ్యట్లేదు నాన్నా, ఊపుతున్నా’ అంది.

ఇంకో మూడు నెలల్లో మళ్లీ టోర్నమెంట్ ఉంది. ఆయన అడుగుతున్నది ఇది: ఇన్ని తప్పుల్లో ముందు దేన్ని సరిచేసుకోవాలి? మళ్లీ కోచ్ దగ్గరికి వెళ్లాలా, క్లబ్‌లు మార్చాలా, లేక ఈ వయసులో ఇది మనకు అచ్చిరాదని మానేయాలా? ఆయన భార్య మూడోదానికే ఓటు వేశారట.

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పులు లెక్కపెట్టాను: నేలను కొట్టడం, బంతి నెత్తిన కొట్టడం, షాంక్ (క్లబ్ మెడకు తగిలి బంతి అడ్డంగా పోవడం), స్లైస్ (బంతి కుడివైపు వంగి పోవడం). రెండోసారి చదివితే అవి నాలుగు కావనిపించింది. మొదటి రెండూ ఒకటే జబ్బు. షాంక్ దానికి దూరపు చుట్టం. స్లైస్ ఒక్కటే వేరే ఇంటిది.

ముందు ఆ క్యాడీ సంగతి. షాంక్ ఎవరికైనా వస్తుంది, టీవీలో కనిపించే ప్రొఫెషనల్స్‌కూ వస్తుంది. కుడిచేతి వాటం ఆటగాడి షాంక్ ఎప్పుడూ కుడిపక్క ముందువైపుకే పోతుంది కాబట్టి అక్కడ ఎవరూ నిలబడకూడదు. కొట్టే ముందు ఆగి, అటు చూసి, ‘కొంచెం వెనక్కి రండి’ అనడానికి స్వింగ్ (క్లబ్ ఊపే తీరు) బాగుండాల్సిన పని లేదు. ఆ ఒక్కటీ రేపటి నుంచే సరిదిద్దుకోవచ్చు. మీరు చెయ్యాల్సింది చేశారు, క్షమాపణ చెప్పారు. దాన్ని ఇంకా మోస్తూ ఉంటే ప్రతి దెబ్బకూ చేతులు బిగుసుకుంటాయి. బిగిసిన చేతులతో షాంక్ ఇంకాస్త దగ్గరవుతుంది.

ఇప్పుడు అసలు జబ్బు. చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాలను తలుచుకోండి. అది నేలకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది సరిగ్గా కొమ్మ కింద. కొమ్మను రెండడుగులు వెనక్కి జరిపారనుకోండి, ఆ చోటు కూడా రెండడుగులు వెనక్కి జరుగుతుంది. గోల్ఫ్ స్వింగ్‌లో మీ ఛాతీ, ఎడమ భుజం కలిసి ఆ కొమ్మ. క్లబ్ ఉయ్యాల. మంచి ఆటగాళ్ల ఐరన్ దెబ్బలో ఆ అట్టడుగు చోటు బంతికి మూడు నాలుగు అంగుళాలు ముందుంటుంది. అంటే క్లబ్ ఇంకా కిందికి దిగుతూనే బంతిని తాకి, ఆ తరవాత గడ్డిని కోస్తుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి, మీ బరువు కుడికాలి మీదే ఉండిపోయి, ఛాతీ వెనకే ఆగిపోయి, ఆ చోటు బంతికి వెనక పడుతోంది. అప్పుడు రెండే జరుగుతాయి. క్లబ్ నేలలో దిగితే ‘ఫ్యాట్’. నేలను రాసుకుంటూ దాటిందా, బంతి దగ్గరికి వచ్చేసరికి అప్పటికే పైకి లేస్తుంటుంది, కాబట్టి బంతి నడుముకో నెత్తికో తగులుతుంది. మీరు రెండు వేర్వేరు తప్పులనుకుని ఒకదానికి మందు వేస్తే రెండోది వస్తోంది. నేల తగలకూడదని ఒళ్లు పైకి లాక్కుంటున్నారు, నెత్తిన తగులుతోంది. నెత్తిన తగలకూడదని కిందికి వంగుతున్నారు, నేల తగులుతోంది. మూడేళ్లు ఇదే తిరగలి.

బరువు వెనకే ఎందుకు ఉండిపోతోంది? ఇక్కడే మీ గుంటూరు గుర్తొచ్చింది. క్రికెట్ బ్యాటు ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, నిటారుగా ఉంటుంది, దానికి వాలు లేదు. ముందుకాలు మీదికి బరువు తెచ్చి డ్రైవ్ ఆడితే బంతి నేల మీద పోతుంది. బరువు వెనక ఉంచి ఆడితే గాల్లోకి లేస్తుంది. మిడాఫ్ నెత్తి మీదుగా కొట్టాలంటే మీరు ఏం చేసేవారో మీ ఒంటికి ఇంకా గుర్తుంది. చిన్నప్పటి బిళ్ళంగోడు కూడా అంతే, ముందు బిళ్ళను లేపాలి, తరవాత కొట్టాలి. ఇన్నేళ్లు ‘లేపడం మన పని’ అని నేర్చుకున్న ఒళ్లు, గోల్ఫ్ బంతి నేల మీద కదలకుండా కూర్చుని ఉంటే ఊరుకుంటుందా? కిందికి దూరి లేపబోతుంది. కానీ ఈ ఆటలో లేపే పని క్లబ్ తయారుచేసినవాడు ముందే చేసిపెట్టాడు. ఈ రోజుల్లో వచ్చే సెవెన్ ఐరన్ ఫేస్ సుమారు 27 నుంచి 34 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. బంతి బరువు 46 గ్రాములు కూడా లేదు, క్రికెట్ బంతిలో మూడో వంతు కన్నా తక్కువ. ఆ వాలు దానికి తగిలితే చాలు, లేవక ఛస్తుందా!

ఇంకో పోలిక చెబుతాను, ఇది మా ఇంట్లో వాకిలి దగ్గర దొరికింది. కొబ్బరి చీపురుతో ఊడుస్తున్నప్పుడు చెయ్యి ముందు పోతుంది, పుల్లలు వెనక వస్తాయి. మధ్యలో చెయ్యి ఆపి మణికట్టు విదిలిస్తే పుల్లలు చేతిని దాటి పైకి లేచి, దుమ్ము మొహాన కొడుతుంది. ఐరన్ దెబ్బలో బంతి తగిలే క్షణానికి చేతులు బంతికి కాస్త ముందుండాలి, క్లబ్ చీపురు పుల్లల్లా వెనక రావాలి. మీరు లేపబోయి అక్కడ విదిలిస్తున్నారు.

మరి రేంజ్‌లో ఎలా పోతోంది అంటారు. అక్కడ పోవడం లేదు, పోయినట్టు కనిపిస్తోంది. మ్యాట్ కింద గట్టి నేల ఉంటుంది. మీ క్లబ్ బంతికి రెండంగుళాలు వెనక తగిలినా మట్టిలో దిగే వీలు లేదు కాబట్టి జారి బంతిలోకి వెళ్తుంది. చప్పుడు కొంచెం మొద్దుగా ఉంటుందంతే, బంతి మాత్రం చక్కగా లేస్తుంది. అదే దెబ్బ వానాకాలంలో మెత్తబడిన నేల మీద కొడితే క్లబ్ పారలా దిగుతుంది. ఎండాకాలంలో కరకరలాడే నేల మీద కొడితే క్లబ్ అడుగు ఎగిరి బంతి నెత్తిన పడుతుంది. మ్యాట్ మీకు మూడేళ్లుగా మొహమాటానికి మార్కులు వేస్తోంది. ఒక మాట మధ్యలో: వారానికి మూడు బకెట్లు మ్యాట్ మీద వెనక తగిలేలా కొడితే ఆ అదురంతా మోచేతికి, మణికట్టుకు పోతుంది. మీరు చెప్పిన నడుం నొప్పి అబద్ధమే కావచ్చు, మోచేతి నొప్పి నిజం కావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

క్యాడీ మాట తీసుకుందాం. ‘తల ఎత్తేస్తున్నారు’ అన్నది మన కోర్సుల్లో జ్వరానికి పారాసెటమాల్ లాంటి సలహా, అందరికీ అదే. అతను అబద్ధం చెప్పడం లేదు. మీ ఒళ్లు పైకి లేస్తే దానితో పాటు తలా లేస్తుంది, అతనికి కనిపించేది అదే. కానీ మీరు ఆ మాట విని తల బిగపట్టుకుని బంతినే గుచ్చిగుచ్చి చూస్తే ఛాతీ తిరగడం ఆగిపోతుంది, బరువు ఇంకా వెనక్కే ఉండిపోతుంది, నేల ఇంకా ఎక్కువ తగులుతుంది. పది మేజర్ టైటిళ్లు గెలిచిన అనికా సోరెన్‌స్టామ్, 2001లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన డేవిడ్ డువాల్, ఇద్దరూ క్లబ్ బంతిని తాకే సమయానికే తలను టార్గెట్ వైపు తిప్పేసేవాళ్లు. అసలు విషయం ఏమిటంటే, క్లబ్ పైనుంచి కిందికి రావడానికి పట్టేది సుమారు పావు సెకను. అది బంతిని అంటుకుని ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఆ సందులో తల, మోచెయ్యి, నడుం, మణికట్టు అంటూ నలుగురు చెప్పిన నాలుగు పనులు చెయ్యబోతే ఏ ఒళ్లైనా గందరగోళపడుతుంది. మీ అమ్మాయి చెయ్యని పని ఇదే.

కాబట్టి ఎవరి మాట వినాలో తేల్చుకునే ముందు, అబద్ధం చెప్పలేని రెండు గుర్తుల్ని అడగమంటాను. ఒకటి నేల మీది గుర్తు, రెండోది క్లబ్ ఫేస్ మీది గుర్తు.

నేల మీది గుర్తుకు గడ్డి ఉన్న ప్రాక్టీస్ చోటు కావాలి, బంకర్ ఇసుక అయినా సరే. సుద్దతోనో, క్లబ్ మొనతోనో కొట్టే దిక్కుకు అడ్డంగా, రెండు మూడు గజాల పొడవున ఒక గీత గీయండి. బంతి వద్దు. గీత మీద బంతి ఉన్నట్టు నిలబడి పిచింగ్ వెడ్జ్‌తో (తక్కువ దూరానికి వాడే, వాలు ఎక్కువ ఉన్న ఐరన్) సగం స్వింగ్ ఊపండి, ఒక అడుగు జరగండి, మళ్లీ ఊపండి. పది ఊపుల తరవాత వెనక్కి తిరిగి చూడండి. గీతకు వెనక ఎన్ని గుంటలు మొదలయ్యాయి, గీత మీదా ముందూ ఎన్ని? బంతి లేకుండానే గుంటలు వెనక పడితే అది మీ ఊపులో ఉన్న తప్పు. బంతి లేనప్పుడు సరిగ్గా పడి, బంతి పెట్టగానే వెనక పడితే అది లేపాలనే యావ. మీది రెండోదేనని నా అనుమానం, కానీ చూసేవరకు అది అనుమానమే.

ఫేస్ మీది గుర్తు ఇంకా సులువు. తుడిస్తే పోయే వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద రూపాయి బిళ్లలో సగమంత చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఎక్కడ తగిలిందో ఫేస్ మీద మచ్చ పడుతుంది. ఇరవై బంతులు కొట్టి, ఒక్కోదాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. మచ్చలు మడమ వైపు, అంటే క్లబ్ మెడ వైపు గుమిగూడి ఉంటే మీ షాంక్ ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థం. షాంక్ అంటే మడమ వైపు మచ్చ ఇంకో అరంగుళం పక్కకు జరగడమే. సాధారణంగా బరువు కాలి వేళ్ల మీదికి రావడం వల్లనో, కొట్టేటప్పుడు నడుం బంతి వైపు దూసుకురావడం వల్లనో చేతులు బయటికి నెట్టబడతాయి. దానికి నేను వాడే చిట్కా ఖాళీ అగ్గిపెట్టె. బంతికి అవతల, అంచు నుంచి అంగుళం దూరంలో పెట్టి, అగ్గిపెట్టె ఎగరకుండా బంతిని కొట్టాలి. మొదట సగం స్వింగ్‌తోనే, బరువు అరికాలి మధ్యలో పెట్టుకుని. మా స్నేహితుడొకడు మొదటి వారం డజను అగ్గిపెట్టెలు నాశనం చేశాడు. 

వెనక పడే గుంటలకు నేను చెప్పేది కూడా చిన్నదే. కుడిపాదం వెనక్కి లాగి, దాని వేళ్లు మాత్రమే నేలకు ఆనేలా నిలబడండి. బరువంతా ఎడమకాలి మీద ఉంటుంది. అలాగే నడుం ఎత్తు వరకే ఊపుతూ ముప్పై బంతులు కొట్టండి. కొమ్మ వెనక్కి జరగడానికి చోటే లేదు కాబట్టి ఉయ్యాల సరైన చోట దిగుతుంది. మొదటి పది బంతులు మరీ తక్కువ ఎత్తులో పోతాయి, మీ ఒళ్లు ‘లేపు లేపు’ అని గోల చేస్తుంది. చెయ్యనివ్వండి. రేంజ్ తప్ప గతి లేకపోతే, బంతికి నాలుగంగుళాల వెనక ఒక చేతిరుమాలు మడతపెట్టి పరవండి. రుమాలు కదిలిందంటే మ్యాట్ దాచిన నిజం బయటపడ్డట్టే.

స్లైస్ గురించి కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే దీనికి అందరూ చేసే వైద్యం జబ్బును పెంచుతుంది. వెనకటి పుస్తకాల్లో బంతి క్లబ్ నడిచే దారిలో బయలుదేరి, ఫేస్ చూసే వైపు వంగుతుందని రాసేవారు. రాడార్ యంత్రాలు వచ్చాక అది తలకిందులని తేలింది. బంతి ఏ వైపు బయలుదేరుతుందన్నది ముప్పావు వంతుకు పైగా ఫేస్ చూసే దిక్కును బట్టే ఉంటుంది. ఆ తరవాత ఎటు వంగుతుందన్నది, ఫేస్ చూసే దిక్కుకూ క్లబ్ నడిచే దారికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. ఫేస్ దారికన్నా కుడికి చూస్తుంటే బంతి కుడికి వంగుతుంది. బంతి కుడికి పోతోందని మీరు ఎడమకు తిరిగి నిలబడితే దారి ఇంకా ఎడమకు పోతుంది, తేడా పెరుగుతుంది, ఇంకా పెద్ద వంపు వస్తుంది. మీ గుట్టల్లో ఉన్న బంతుల్లో చాలావాటి కథ ఇదే అయ్యుంటుంది.

ఫేస్ తెరుచుకుని ఉండడంలో మళ్లీ ఆ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ చెయ్యి ఉంది. కవర్ డ్రైవ్‌లో ముందు మోచెయ్యి ఎత్తి, కింద చెయ్యి వదులుగా ఉంచి, బ్యాటు ఫేస్‌ను చివరిదాకా బౌలర్‌కు చూపిస్తాం. అది అక్కడ అందం. గోల్ఫ్‌లో ఆ చేతులు కొట్టే ముందే తిరగడం మొదలుపెట్టాలి. ఎడమచెయ్యి పట్టు చూసుకోండి: బంతి ముందు నిలబడి కిందికి చూస్తే ఎడమచేతి కణుపులు రెండు, రెండున్నర కనిపించాలి. ఒకటే కనిపిస్తే ఫేస్ మూసుకోవడం కష్టం. కానీ పట్టు మార్చే ముందు డ్రైవర్‌కు కూడా మార్కర్ పరీక్ష చెయ్యండి. డ్రైవర్ ఫేస్‌కు ఒక గుణం ఉంది: బంతి మడమ వైపు తగిలితే, ఫేస్ సరిగ్గా ఉన్నా కుడికి వంగే సుడి పడుతుంది. మచ్చలన్నీ మడమ వైపే ఉంటే మీ సమస్య తగిలే చోటు. పట్టు మారిస్తే పనికిరాని మందు మింగినట్టవుతుంది. ఆ కోచ్ మొదటి క్లాసులోనే గ్రిప్ మార్చారు సరే, ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూశారా అన్నది మీ ఉత్తరంలో లేదు.

ఇక మీ ముందున్న దారులు.

మీ అంతట మీరు చేసుకోవచ్చు. వారానికి మూడు బకెట్లకు బదులు రెండుసార్లు, ఒక్కోసారి యాభై బంతులు, అందులో ముప్పై సగం స్వింగ్‌తో. ఖర్చు ఒక మార్కరు, ఒక అగ్గిపెట్టె. ఆరు వారాల్లో గుంటలు ముందుకు జరగడం చాలామందిలో నేను చూశాను. దీని ఇబ్బంది ఏమిటంటే, మీరు చేస్తున్నాననుకునేదీ నిజంగా చేస్తున్నదీ ఒకటి కాదు. ఫోనును ఎదురుగా నడుం ఎత్తులో పెట్టి వారానికోసారి వీడియో తీసుకోకపోతే పాత అలవాటు కొత్త చొక్కా వేసుకుని తిరిగొస్తుంది. ఇంకో షరతు: ఆ ఆరు వారాలూ యూట్యూబ్ మూసెయ్యాలి. అందులో చెప్పేవాళ్లు తప్పుగా చెబుతారని కాదు. వాళ్లు ఎవరి జబ్బుకో మందు చెబుతున్నారు.

కోచ్ దగ్గరికి వెళ్లవచ్చు. పోయినసారి రెండు క్లాసులతో ఆపేశారు, అది కుట్లు వేయించుకోకుండా ఆపరేషన్ టేబుల్ మీద నుంచి లేచి వచ్చినట్టు. పట్టు మార్చాక మూడు నాలుగు వారాలు ఆట పాడవుతుంది, అందరికీ అంతే. ఈసారి వెళ్తే ఆరు క్లాసులైనా అనుకుని వెళ్లండి. మొదటి రోజు ఒక్క ప్రశ్న అడగండి: ‘నా అన్ని తప్పులకూ మూలం ఏమిటనుకుంటున్నారు, ముందు దేన్ని ముడతారు?’ ఒకటి చెప్పి మిగతావి తరవాత అన్నవాడి దగ్గర ఉండండి. ఏడు చెప్పినవాడికి నమస్కారం పెట్టి రండి. గడ్డి మీద నేర్పేవాళ్లు దొరికితే ఇంకా మంచిది. కాలం లెక్క కూడా వేసుకోండి. మూడు నెలలు ఉంది కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే సరిపోతుంది, టోర్నమెంట్‌కు నెల ముందు మొదలుపెడితే సరిగ్గా పాడైన దశలో వెళ్లి నిలబడతారు.

మూడోది చాలామంది చిన్నచూపు చూసే దారి: ఉన్న స్వింగ్‌తోనే తెలివిగా ఆడడం. టోర్నమెంట్ రోజు డ్రైవర్ ఇంట్లో పెట్టేసి, హైబ్రిడ్‌తో (డ్రైవర్ కన్నా పొట్టిగా, ఎక్కువ వాలుతో ఉండే క్లబ్) టీ మీద నుంచి, అంటే బంతిని నిలిపే చిన్న మేకు మీద నుంచి మొదలుపెట్టండి. వాలు ఎక్కువ ఉన్న క్లబ్‌తో బంతి పక్కకు వంగడం తగ్గుతుంది. సెవెన్ ఐరన్ పూర్తి స్వింగ్ వద్దు, ముప్పావు చాలు. 140 గజాలు పోయేది 120 పోతుంది, కానీ ముందుకు పోతుంది. క్లయింట్లకు గుర్తుండేది వాళ్ల సొంత స్కోరు, మీది కాదు. దీని ధర ఏమిటంటే, ఏడాది తరవాత కూడా మీరు ఇక్కడే ఉంటారు. కొందరికి అది చాలు. వాళ్లను నేను తక్కువగా చూడను, ఆదివారం వాళ్లే ఎక్కువ నవ్వుతూ కనిపిస్తారు.

క్లబ్‌లు మార్చడం గురించి మన వాళ్లు ఎప్పుడో చెప్పారు, ఆడలేక మద్దెల ఓడన్నారని. అయినా ఒక్క మినహాయింపు ఉంది. మీరు బాగా పొడుగరి అయ్యుండి, ఎవరిదో పాత సెట్టుతో ఆడుతుంటే క్లబ్ పొడవు, అడుగు నేలకు ఆనే కోణం సరిపోకపోవచ్చు. అది ఒకసారి కొలిపించుకోండి. కానీ గుంటలు గీతకు ముందు పడడం మొదలయ్యాకే కొలిపించండి. ఇప్పుడు కొలిస్తే మీ తప్పుకు సరిపడా క్లబ్‌లు ఇస్తారు. ఈఎంఐ డ్రైవర్‌ను అమ్మెయ్యకండి, అటక మీద ఉండనివ్వండి.

మానెయ్యడం కూడా దారే. మీకు ఈ ఆట ఇష్టమా, పైఅధికారి ఇష్టమా అన్నది మీ నాలుగు పేజీల్లో ఎక్కడా తేలలేదు. ఒక్కచోట మాత్రం, పొద్దున ఆరింటికి మంచులో తడిసిన గడ్డి మీద నడవడం గురించి మూడు లైన్లు రాశారు. అవి ఆఫీసు కోసం ఆడేవాడు రాసే లైన్లలా లేవు. అయినా ఆ సంగతి నాకన్నా మీకు, మీకన్నా మీ ఆవిడకు బాగా తెలుస్తుంది. ఆవిడ మానెయ్యమన్నది గోల్ఫ్‌నో, ఆదివారాలు చిరాకుగా ఇంటికి రావడాన్నో ఒకసారి అడగండి. వయసు సంగతైతే వదిలెయ్యండి. కపిల్ దేవ్ క్రికెట్ బ్యాటు పక్కన పెట్టాకే గోల్ఫ్ పట్టుకున్నారు, 2024లో భారత ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్‌కు అధ్యక్షుడు కూడా అయ్యారు. ఆయన బ్యాటింగ్‌తో మీది పోల్చడం లేదు, పాత అలవాట్లు మాత్రం ఇద్దరివీ ఒకే ఇంట్లోవి.

నడుం నొప్పి అబద్ధాన్ని ఎక్కువ రోజులు మొయ్యకండి. మూడు నెలల్లో మీరు టోర్నమెంట్‌కు వెళ్తే ‘తగ్గిందా?’ అని పదిమంది అడుగుతారు, వెళ్లకపోతే ‘ఇంకా తగ్గలేదా?’ అని అడుగుతారు. పైఅధికారికి పెద్ద సంజాయిషీ అక్కర్లేదు. ‘ఆ రోజు తరవాత కాస్త జంకు వచ్చింది సార్, మొదటి నుంచి నేర్చుకుంటున్నాను’ అంటే చాలు. గోల్ఫ్ ఆడే ఏ మనిషికైనా ఆ మాట వెంటనే అర్థమవుతుంది. బహుశా ఆయన తన షాంక్ కథ ఒకటి చెబుతారు, అరగంట వినాల్సి రావచ్చు.

నన్ను అడిగితే మొదటి దారితో మొదలుపెట్టి, నెల రోజుల్లో గీత పరీక్షలో మార్పు లేకపోతే కోచ్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. టోర్నమెంట్ రోజు మాత్రం, ఏ దారిలో ఉన్నా, డ్రైవర్ తీసేవాణ్ణి కాదు. మీకు డబ్బు కన్నా సమయం తక్కువైతే ఈ వరస తిరగెయ్యండి.

గీత పరీక్షకు మీ అమ్మాయిని తీసుకెళ్లండి. ఆమెను కూడా అదే గీత మీద పది ఊపులు ఊపమని, ఇద్దరి గుంటలూ పక్కపక్కన ఒకే ఫోటోలో తియ్యండి. ఆమెకు మాత్రం ఏమీ నేర్పకండి. మీ పదిలో ఎన్ని గీతకు ముందు పడ్డాయో రాయండి, మూడు పడినా రాయండి. తిరిగి వచ్చేముందు ఆ గుంటల్లో ఇసుక పోసి సర్దండి, లేకపోతే గ్రౌండ్స్‌మన్ మీ ఇద్దర్నీ మళ్లీ లోపలికి రానివ్వడు.